పక్కింటి పెద్దాయన క్వార్టెట్ పాటకు పిలిస్తే

ఒహాయోకు వచ్చి ఏడాది కూడా నిండని ఒక తెలుగు దంపతుల సందేహం ఇది. పక్కింట్లో ఉండే రిటైరైన పెద్దాయన, తాను పాడే బార్బర్‌షాప్ క్వార్టెట్ (నలుగురు గొంతులు కలిపి పాడే బృందం) కార్యక్రమానికి రమ్మని రెండు టిక్కెట్లు చేతిలో పెట్టి వెళ్ళారట. పాశ్చాత్య సంగీతంలో ఓనమాలు కూడా రాని తాము అక్కడ ఏం విని ఆనందించాలి, వెళ్ళకపోతే ఆయన నొచ్చుకుంటారా అని అడుగుతున్నారు.

తప్పకుండా వెళ్ళండి, మొహమాటం తీర్చుకోవడానికి మాత్రమే అనుకోకండి. ఈ దేశంలో స్థిరపడిన ఇన్నేళ్ళలో వందల డాలర్లు పోసి పెద్ద స్టేడియాల్లో చూసిన కచేరీలు చాలామటుకు మరిచిపోయాను కానీ, పార్కుల్లోనూ చర్చి హాళ్ళలోనూ నలుగురు మనుషులు వట్టి గొంతులతో పాడినవి ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. మీరు సంగీతం నేర్చుకోనక్కరలేదు, ఎటు చెవి పెట్టాలో తెలిస్తే చాలు.

క్వార్టెట్‌లో వాద్యం ఏదీ ఉండదు. పాట అసలు వరుసను పాడేవారిని లీడ్ అంటారు. ఆయనకంటే పై స్థాయిలో సన్నగా, తేలికగా టెనర్ పాడతారు. అట్టడుగున బేస్ ఉంటారు. ఈ ముగ్గురూ పాడగా మిగిలిన స్వరాన్ని ఒకసారి లీడ్‌కు పైన, ఒకసారి కింద వెతుక్కుంటూ బారిటోన్ పాడతారు. మనవాళ్ళకు మొదట చిక్కు వచ్చేది ఇక్కడే. మన కచేరీలో వరుస ఒక్కటే, పక్క వాద్యాలన్నీ దాని వెంటే నడుస్తాయి. అందుచేత మన చెవి అలవాటుకొద్దీ అన్నిటికంటే పైన వినబడే గొంతును పట్టుకుంటుంది, కానీ ఇక్కడ పాట ఉన్నది పైనుంచి రెండో గొంతులో. మొదటి పాటలో లీడ్‌ను వదలకుండా వినండి, రెండో పాటలో బేస్‌ను పట్టుకోండి, ఆ తరువాత నలుగురి గొంతులూ కలిసి వాటంతట అవే వినబడతాయి. బారిటోన్‌ను విడిగా వినాలని తొందరపడకండి. ఒంటరిగా వింటే ఆయన పాడేది పాటలాగే ఉండదు. ఆ సంగతి మీద వాళ్ళలో వాళ్ళు వేసుకునే హాస్యానికి అంతుండదు. పాపం, బారిటోన్ మీద ఒక్క జోకైనా లేకుండా ముగిసిన కార్యక్రమం నేను చూడలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన జ్ఞాపకం మా ఊరి పార్కులోది. ఇక్కడి చిన్న ఊళ్ళలో చాలాచోట్ల పార్కు నడుమ ఎనిమిది మూలల చెక్క మండపం ఒకటి ఉంటుంది. వేసవి సాయంత్రాల్లో అందులో ఉచితంగా పాటలు పెట్టిస్తారు, ఎవరి మడత కుర్చీలు వారు తెచ్చుకుంటారు. ఆ వేసవిలో మా అమ్మ విజయవాడ నుంచి వచ్చి మా దగ్గర ఉంది. చిన్నతనంలో పద్ధతిగా సంగీతం నేర్చుకున్న మనిషి కావడంతో, ఇక్కడి పాటలంటే ఆమెకు పెద్ద గౌరవం ఉండేది కాదు. చారల కోట్లు తొడుక్కున్న నలుగురు మండపంలోకి వచ్చి, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. వారిలో ఒకాయన జేబులోంచి పిచ్ పైప్ తీశారు. అది అరచేతిలో ఇమిడిపోయే గుండ్రటి బిళ్ళలా ఉంటుంది, అంచు చుట్టూ రంధ్రాలుంటాయి. కావలసిన రంధ్రం దగ్గర పెదవి ఆనించి, ఒక్క స్వరం ఊది, మళ్ళీ జేబులో వేసుకున్నారు. నలుగురూ ఎవరి స్వరాన్ని వారు లోలోపలే కూనిరాగంలా చూసుకుని, మాకంటే ఎక్కువగా ఒకరి నోరు ఒకరు చూసుకుంటూ పాట ఎత్తుకున్నారు. రెండో పాట చివర ఒక చోట ఆగి స్వరాలను నిలబెట్టినప్పుడు, మండపం కప్పు కింద ఆ నలుగురిలో ఎవరూ పాడని ఐదో గొంతు ఒకటి పైన సన్నగా మోగింది. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, “ఒరేయ్, తంబూరా ఎవరు వేస్తున్నార్రా? కనబడరేం?” అని అడిగింది.

ఆమె చెవి పట్టుకున్నది నిజంగా తంబూరాలో ఉండేదే. శ్రుతి చక్కగా కుదిరిన తంబూరాలో మంద్ర షడ్జమం తీగను మీటితే, ఎవరూ మీటని అంతర గాంధారం దానంతట అదే వినబడుతుంది. మన విద్వాంసులు దానిని స్వయంభూ గాంధారం అంటారు. తీగైనా గొంతైనా తన మూల కంపనంతోపాటు దానికి రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్ల కంపనాలను కూడా పుట్టిస్తుంది, ఆ ఐదో రెట్టు గాంధార స్థానంలో పడుతుంది. బార్బర్‌షాప్ పాటలో పదేపదే వచ్చే నాలుగు స్వరాల కూర్పు ఒకటుంది. అందులోని స్వరాలు 4:5:6:7 నిష్పత్తిలో కుదరాలని గాయకులు చూస్తారు. ఒకరు సెకనుకు 200 కంపనాల దగ్గర నిలబడితే మిగిలిన ముగ్గురూ 250, 300, 350 దగ్గర నిలవాలన్నమాట. పియానో మెట్లు ఈ లెక్కకు సరిగ్గా ఒదగవు, ముఖ్యంగా ఆ ఏడో రెట్టు దగ్గర. గొంతుకు మెట్లు లేవు కనుక, నలుగురూ చెవితో సవరించుకుంటూ ఆ చోటికి చేరుకోగలుగుతారు. అప్పుడు వారి గొంతుల్లోని పై రెట్లు ఒకదానిమీద ఒకటి పడి బలం పుంజుకుని, విడిగా ఒక స్వరంలా వినబడతాయి. వాళ్ళు దీనిని రింగ్ అంటారు. పాట ఏదైనా, మాటలు ఎంత సాదాగా ఉన్నా, వాళ్ళు పాడేది ఈ రింగ్ కోసమే.

ఫోన్‌లో తీసిన వీడియోలో ఇది సగం కూడా దొరకదు. కనుక ఫోన్ జేబులో పెట్టి, హాలు మధ్య వరుసల్లో, స్పీకర్ల పక్కన కాకుండా కూర్చోండి. నెమ్మది పాటల్లో తాళం వేద్దామని తొడ మీద చెయ్యి పెట్టకండి. వాటిని మాటల భావాన్ని బట్టి సాగదీస్తూ, ఆపుతూ పాడతారు, లెక్క నిలవదు. హుషారు పాటల్లో మాత్రం లయ ఖచ్చితంగా ఉంటుంది. పాట చివర వచ్చే చిన్న ముగింపును ట్యాగ్ అంటారు. అందులో ఒకరు స్వరాన్ని ఊపిరి ఉన్నంతవరకూ పట్టి ఉంచగా మిగిలినవారు దాని చుట్టూ స్వరాలు మారుస్తారు. స్వరం ఆగకముందే జనం ఈలలు, కేకలు వేయడం ఇక్కడి ఆచారమే, ఎవరూ తప్పుపట్టరు; అయినా రింగ్ వినాలనుకునేవారు వాళ్ళు వదిలేదాకా ఆగితే మంచిది.

ఈ పాటకు క్షౌరశాల పేరెందుకు వచ్చిందని మీకు తప్పక అనిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోని నల్లజాతివారి క్షౌరశాలలు, వారు నలుగురూ చేరి కబుర్లు చెప్పుకునే, గొంతు కలిపి పాడుకునే చోట్లు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాల్యంలో న్యూ ఆర్లియన్స్ వీధుల్లో పాడింది ఇటువంటి క్వార్టెట్‌లోనే. పెళ్ళిళ్ళలోనూ గుళ్ళలోనూ నాయీబ్రాహ్మణుల సన్నాయి, డోలు విని పెరిగిన మనకు, ఆ వృత్తికీ సంగీతానికీ ఉన్న చుట్టరికం కొత్తగా అనిపించదు. అయితే మీరు చూడబోయే చారల కోట్లు, గడ్డి టోపీలు చెప్పే కథలో ఆ మూలం చాలాకాలం కనబడలేదు. 1938 ఏప్రిల్‌లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో, ఓ.సి.క్యాష్ అనే పన్నుల లాయరు, రూపర్ట్ హాల్ అనే ఆయన కలిసి పాత పాటలు పాడుకుందామని పిలిస్తే 26 మంది ఒక క్లబ్బు మిద్దె మీదికి వచ్చారు. నేటి బార్బర్‌షాప్ హార్మనీ సొసైటీకి అదే ఆరంభం. ఆ సంఘమే 1941లో, న్యూయార్క్ పోటీలో గెలిచిన గ్రాండ్ సెంట్రల్ రెడ్ క్యాప్స్ అనే నల్లజాతివారి క్వార్టెట్‌ను జాతీయ పోటీకి రానివ్వలేదు. న్యూయార్క్ మాజీ గవర్నర్ ఆల్ స్మిత్, ఆ నగర పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్ దానికి నిరసనగా సంఘం నుంచి తప్పుకున్నారు. సభ్యత్వంలో ఆ అడ్డు తొలగేసరికి 1963 వచ్చింది. ఈ సంగతులు తెలిసి వింటే పాట మాధుర్యం తగ్గదు, ఎవరి నుంచి వచ్చిందో గుర్తుంటుంది. మీ పక్కింటి పెద్దాయనతో ఈ విషయం ఎత్తినా ఇప్పటివారిలో చాలామంది దాచకుండా మాట్లాడతారు.

కార్యక్రమం అయిపోగానే కారు దగ్గరికి పరుగెత్తకండి. చాలాచోట్ల గాయకులు, శ్రోతలు కలిసి దగ్గరలోని పిజ్జా హోటల్‌లోనో చర్చి నేలమాళిగలోనో మళ్ళీ కూర్చుంటారు. దానిని ఆఫ్టర్‌గ్లో అంటారు. నా ఉద్దేశంలో అసలు కచేరీ అక్కడే మొదలవుతుంది. మైకులు ఉండవు, బల్లల మధ్య మీకు చేతి దూరంలో నిలబడి పాడతారు, బేస్ గొంతు బల్ల చెక్కలో మీ వేళ్ళకు తగులుతుంది. కొత్తవారు కనబడితే లేపి, మూడు నిమిషాల్లో ఒక ట్యాగ్ నేర్పి తమతో పాడిస్తారు. స్వరలిపి చదవడం రాకపోయినా ఫరవాలేదు, ఒకరు మీ చెవి దగ్గర పాడి వినిపిస్తారు. మీకు లీడ్ ఇమ్మని అడగండి, అది పాట వరుసే కనుక తేలిగ్గా అందుతుంది.

మీలో ఒకరు కర్ణాటక సంగీతం నేర్చుకున్నారని రాశారు. వారికి ప్రత్యేకంగా ఒక మాట. శ్రుతి పట్టులో మీరు వారికంటే ముందుంటారు కానీ, గమకాన్ని గుమ్మం బయటే వదలాలి. ఒక్క గొంతు ఊగినా రింగ్ పుట్టదు, స్వరం గీత గీసినట్టు నిలవాలి. రెండోది అచ్చుల సంగతి. నలుగురూ ఒకే ఆకారంలో నోరు తెరిచి ఒకే అచ్చును పలకాలని పట్టుబడతారు. సాగదీసిన అచ్చును చివరిదాకా మార్చకుండా పలకడం మనకు పుట్టుకతో వచ్చిన విద్యే. సొసైటీ స్థానిక శాఖలు సాధారణంగా వారంలో ఒక సాయంత్రం సాధన చేస్తాయి, చూడటానికి వచ్చినవారిని సంతోషంగా రానిస్తాయి. సొసైటీ వెబ్‌సైట్‌లో మీకు దగ్గరలోని శాఖ ఏదో చూసుకోవచ్చు. ఆడవారికి చోటుందా అనే సందేహం అక్కరలేదు. టల్సాలోనే 1945లో స్వీట్ ఆడలైన్స్ అనే స్త్రీల సంఘం పుట్టింది, 2018 నుంచి బార్బర్‌షాప్ హార్మనీ సొసైటీ కూడా స్త్రీలను సభ్యులుగా చేర్చుకుంటోంది.

ఈలోగా ఫిబ్రవరి వస్తే మీ ఆఫీసులోనే ఒక క్వార్టెట్ ప్రత్యక్షం కావచ్చు. వాలెంటైన్స్ డే నాడు ఎవరైనా డబ్బు కడితే, నలుగురు గాయకులు వచ్చి వారు చెప్పినవారి ముందు నిలబడి పాడి, గులాబీ ఇచ్చి వెళతారు. శాఖల ఖర్చులకు అదొక ఆదాయం. కొత్తగా పెళ్ళైనవారు దీనిని పంపే ముందు, పదిమందిలో అలాంటి సందడిని మీ ఆవిడ భరించగలదో లేదో ఆలోచించుకోండి. అమ్మానాన్నలను ఒర్లాండోకు తీసుకువెళితే, డిస్నీ వారి మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మెయిన్ స్ట్రీట్ మీద డ్యాపర్ డాన్స్ (Dapper Dans) అనే క్వార్టెట్ పాడుతుంటుంది. అందరూ కోటవైపు పరుగెత్తే చోట కాసేపు ఆగితే, ఎండలో నడవలేని పెద్దవారికి అదొక విశ్రాంతి కూడా.

ఆ రుచి తగిలాక ఇంకా కావాలనిపిస్తే, ఏటా జులై 4 దగ్గర్లో ఒక్కో నగరంలో అంతర్జాతీయ పోటీలు జరుగుతాయి. ఒకసారి బంగారు పతకం గెలిచిన క్వార్టెట్ మళ్ళీ పోటీలో దిగకూడదన్నది నియమం కనుక ఏటేటా కొత్త విజేతలే ఉంటారు. పోటీకి టిక్కెట్టు దొరకకపోయినా ఆ రాత్రి గాయకులు దిగిన హోటల్ లాబీకి వెళ్ళండి. అంతకుముందు ముఖపరిచయం కూడా లేని నలుగురు లిఫ్టుల పక్కన, మెట్ల కింద, ఎక్కడ గోడ గొంతును బాగా తిప్పికొడితే అక్కడ చేరి అర్ధరాత్రి దాటేదాకా పాడుతూనే ఉంటారు, ముగ్గురే ఉన్నచోట నాలుగో గొంతు కోసం మీ ముఖం కూడా చూస్తారు.