జూలై 4కి బ్రిస్కెట్ చేయాలంటే ఎంత ముక్క కొనాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి?

మీరడిగింది: జూలై 4కి, అమెరికా స్వాతంత్ర్య దినానికి, ఇంటికి పాతికమంది వస్తున్నారు, మొదటిసారి బ్రిస్కెట్ (ఆవు ఛాతీ ముక్క) స్మోక్ చేయాలనుంది, అంటే కట్టెల పొగలో నెమ్మదిగా వండాలనుంది, ఎంత పెద్దది కొనాలి, ఎన్ని గంటలు పడుతుంది అని. గంటల సంగతి తర్వాత. ముందు ఆ పాతికమందిలో పెద్దకూర తినేవాళ్లు ఎంతమందో లెక్కేశారా? మనవాళ్ల పార్టీ అంటే చాలామంది ముట్టరు, ఇంకొందరు మామూలుగా తింటారు గానీ అత్తామామలు ఇండియా నుంచి వచ్చి ఉన్నప్పుడు తినరు. మొహమాటపడకుండా ఫోన్ చేసి అడిగేయండి. తిననివాళ్లకి చికెన్, పనీర్ వేరే గ్రిల్ మీద, వేరే పట్టకారు, వేరే కత్తి. అక్కడ తేడా వచ్చిందంటే మీ బ్రిస్కెట్ ఎంత బాగా కుదిరినా ఎవరికీ గుర్తుండదు, ఆ గొడవే గుర్తుంటుంది.

తినేవాళ్లు పదిహేనుమంది అనుకుందాం. మనిషికి అర పౌను వండిన మాంసం. పైకొవ్వు కోసేశాక, మిగిలిన కొవ్వూ నీరూ పొగలో కారిపోయాక చేతికొచ్చేది దాదాపు సగమే, కాబట్టి 14 నుంచి 16 పౌన్ల మొత్తం ముక్క ఒకటి చాలు. ‘మొత్తం’ అని ఎందుకంటున్నానంటే, షాపులో కొవ్వంతా తీసేసి నీట్‌గా ప్యాక్ చేసిన ఫ్లాట్, అంటే కొవ్వు తక్కువున్న బల్లపరుపు భాగం, ఒక్కటే అమ్ముతారు, కొత్తవాళ్లంతా అదే కొంటారు, పొద్దున్నకి చెప్పు తోలులా తయారవుతుంది. ఫ్లాట్, దాని మీద కొవ్వున్న పాయింట్, రెండూ కలిసే ఉన్న ప్యాకర్ బ్రిస్కెట్ అడగండి.

ప్యాకెట్ మీద మాంసం గ్రేడ్ ఛాయిస్ అని ఉంటే బాగానే ఉంటుంది, ప్రైమ్ దొరికితే ఇంకా మంచిది, సెలెక్ట్ జోలికి పోవద్దు. కానీ గ్రేడ్ కన్నా నేను చూసేది ఫ్లాట్ చివర మందం. ఒక పక్క లావుగా ఉండి ఇంకో పక్క పలుచగా అయిపోతే ఆ పలుచటి పక్క ఎండిపోతుంది, దాన్ని ఎవరూ కాపాడలేరు. తర్వాత ప్యాకెట్‌ని రెండు చేతుల మీద మధ్యలో ఎత్తి పట్టుకోండి. రెండు చివర్లూ కిందికి వాలితే తీసుకోండి, కర్రలా బిగుసుకుని ఉంటే పెట్టేయండి. దీనికి రుజువు లేదని వాదించేవాళ్లు ఉన్నారు, ఉండనివ్వండి, నేనైతే వంగని ముక్క కొనను. జూలై 3 సాయంత్రం వెళ్తే ఎవరికీ వద్దన్నవే మిగులుతాయి, కనీసం మూడు నాలుగు రోజుల ముందే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. కొవ్వు చల్లగా ఉన్నప్పుడే కత్తికి సరిగ్గా తెగుతుంది. పైన పావు అంగుళం మందం ఉంచి మిగతాది కోసేయండి.

మసాలా విషయంలో మనవాళ్లతో నాకు ఎప్పుడూ గొడవే. అల్లం వెల్లుల్లి, పెరుగు, గరం మసాలా పట్టించి రాత్రంతా నానబెట్టాలంటారు. పద్నాలుగు పౌన్ల ముక్కలోకి మీ అల్లం వెల్లుల్లి ఎంత దూరం పోతుందండీ? పైపైనే ఉండి, తడికి పైపొర నల్లగా గట్టిపడకుండా చేసి, చివరికి మాడు వాసనొస్తుంది. ఉప్పు, బరకగా దంచిన మిరియాలు, అంతే. టెక్సస్‌లో మా రౌండ్ రాక్‌కి పక్కనే టేలర్‌లో 1949 నుంచి నడుస్తున్న లూయీ మ్యూలర్ అనే బార్బెక్యూ హోటల్ ఉంది, పొగకి గోడలన్నీ నల్లబడిపోయి ఉంటాయి, అక్కడ ఒక్కసారి తిని వచ్చి అప్పుడు చెప్పండి ఏం తక్కువైందో.

కట్టెలంటే ఈ చుట్టుపక్కల పోస్ట్ ఓక్ అనే చెట్టువే. బాగా ఎండింది కావాలి, పచ్చిది వద్దు, నీళ్లలో నానబెట్టడం అసలే వద్దు. పొగ తెల్లగా దట్టంగా వస్తోందంటే మంట సరిగా లేదని, మాంసం చేదెక్కుతుందని అర్థం. సన్నగా, కనీకనిపించకుండా రావాలి. మెస్కీట్ కూడా అమ్ముతారు. మన ఊళ్లలో చెరువు గట్లంతా ఆక్రమించిన సర్కారు తుమ్మకి అది దగ్గరి చుట్టం, మంట జోరుగా ఉంటుంది, పొగ ఘాటు ఎక్కువ. స్టేక్ కాల్చుకోవడానికి బాగుంటుంది, రాత్రంతా పొగ పెట్టే పనికి నేను వాడను.

ఇక గంటలు. అందరూ పౌనుకి గంటా గంటన్నర అని చెప్తారు, కానీ ఆ లెక్కని నమ్ముకుని భోజనాల టైమ్ పెట్టుకోకండి. మా బావమరిది సంగతి చెప్తే మీకే తెలుస్తుంది. ఒక జూలై 4కి ముందు రాత్రి మా ఇంట్లోనే ఉన్నాడు. తొమ్మిదింటికి ముక్క లోపల పెట్టి, స్మోకర్ 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలబెట్టి కుర్చీలేసుకుని కూర్చున్నాం. మొదట్లో ముక్కలో గుచ్చిన థర్మామీటర్ ప్రోబ్ మీద నంబర్ చకచకా పెరుగుతుంటే వాడి సంతోషం చూడాలి, “బావా, ఈ లెక్కన నాలుగింటికే అయిపోద్ది” అన్నాడు. మూడింటికి 158 దగ్గర ఆగింది. నాలుగింటికీ 158. ఒకసారి 157కి దిగింది కూడా. వాడికి టెన్షన్ మొదలైంది. “పొయ్యి ఆరిపోయినట్టుంది బావా, ఇంకో రెండు కట్టెలు వెయ్యి” అంటాడు, మూత తీసి చూస్తానంటాడు, ఫోన్ తీసి ఎవడో చెప్పిన వీడియో నా మొహం ముందు పెడతాడు. “ఒరేయ్, అది ఆగాలి, ఆగుతుంది, నువ్వు పోయి పడుకో” అంటే వినడు. నేను బాత్రూమ్‌కి వెళ్లొచ్చేసరికి కట్టె పట్టుకుని ఫైర్‌బాక్స్ (కట్టెలు మండే పెట్టె) ముందు నిలబడ్డాడు! ఆ తెల్లవారుజామున పెరట్లో మేమిద్దరం ఒక కట్టె కోసం గుంజుకుంటుంటే మా ఆవిడ కిటికీలోంచి తిట్టిన తిట్లు పక్కింటివాళ్లకి అర్థం కాకపోవడం మా అదృష్టం.

జరిగేదేమిటంటే, మాంసంలోంచి నీరు పైకొచ్చి ఆవిరవుతూ ముక్కని చల్లబరుస్తుంటుంది, మనకి చెమట పడితే ఒళ్లు చల్లబడినట్టే. పొయ్యి వేడికీ ఈ చల్లదనానికీ సరిసమానమై 150, 170 మధ్య ఎక్కడో గంటల తరబడి నిలబడిపోతుంది. పైపొర రంగు మీకు నచ్చిందనిపిస్తే అప్పుడు బుచర్ పేపర్‌లో (మాంసం చుట్టే మందపాటి కాగితం) బిగుతుగా చుట్టండి, మళ్లీ కదులుతుంది. ఫాయిల్ చుడితే ఇంకా తొందరగా అవుతుంది గానీ పైపొర మెత్తబడిపోతుంది. ఆవుకి కాలర్ బోన్ ఉండదు, ముందు భాగం బరువంతా కండరాలే మోయాలి, అందుకే ఈ ఛాతీ ముక్క అంత గట్టి. అందులోని కొలాజెన్ కరిగి జిగురుగా మారడానికి టైమ్ కావాలి. 195 నుంచి 205 మధ్య ప్రోబ్ గుచ్చితే ఏ అడ్డూ లేకుండా దిగిపోవాలి, అప్పుడే అయినట్టు. నంబర్ వచ్చినా గుచ్చితే గట్టిగా తగిలితే ఇంకా ఉంచండి.

అయ్యాక వెంటనే కోసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రాత్రంతా మేలుకుని చివరి గంటలో తొందరేమిటి? పేపర్‌తో సహా పాత టవల్స్‌లో చుట్టి, ఐస్ లేని ఖాళీ కూలర్‌లో (పిక్నిక్‌కి తీసుకెళ్లే ఐస్ పెట్టె) పెట్టి మూత వేయండి. తక్కువలో తక్కువ రెండు గంటలు. లోపలి వేడి 140కి దిగనంతవరకు నాలుగైదు గంటలున్నా ఏం కాదు, ఇంకా బాగుంటుంది. నన్నడిగితే మీరు స్మోకర్ మీద పెట్టే వేల డాలర్ల కన్నా ఈ కూలరే ముఖ్యం. అసలు బ్రిస్కెట్ మనవాళ్ల పార్టీకి సరిగ్గా సరిపోతుందని నేననేది ఇందుకే. ఒంటిగంటకి రమ్మంటే మూడున్నరకి వస్తారు, వచ్చి ఇంకో అరగంట పార్కింగ్ గురించి మాట్లాడతారు. బిర్యానీ అయితే ఈలోపు చల్లారి ముద్దయ్యేది. కూలర్‌లో ఉన్న బ్రిస్కెట్‌కి ఆ లేటు మంచే చేస్తుంది. కాబట్టి ముందురోజు రాత్రి తొమ్మిదింటికి పెట్టేయండి, పొద్దున పదికి అయినా మధ్యాహ్నం ఒంటిగంటకి అయినా మీకు ఇబ్బంది లేదు. అన్నట్టు, ఎండాకాలంలో మీ కౌంటీలో బర్న్ బ్యాన్, అంటే ఆరుబయట మంట పెట్టడం మీద నిషేధం, ఉందేమో ముందే కనుక్కోండి, అపార్ట్‌మెంట్ బాల్కనీ అయితే ఆ ఆలోచనే మానుకోండి.

కోసేటప్పుడు పోగులకి అడ్డంగా కోయాలి. ఫ్లాట్‌లో, పాయింట్‌లో పోగులు ఒకే వైపు ఉండవు, మధ్యలో ముక్కని తిప్పుకోవాలి. పెన్సిల్ మందం చాలు. ఎవరో ఒకరు “కారం లేదేంటి” అంటారు, పచ్చిమిరపకాయలూ ఉల్లిపాయ ముక్కలూ పక్కన పెట్టేయండి, వాదించకండి. మిగిలినదాన్ని మర్నాడు మైక్రోవేవ్‌లో పెట్టి పాడుచేయొద్దు. జూలైలో మన పెరళ్లలో గోంగూర ఎలాగూ ఏపుగా ఉంటుంది, నూనెలో ఎండుమిర్చి, ఉల్లిపాయ వేయించి, గోంగూర మగ్గాక ఈ ముక్కలు చిన్నగా కోసి కలిపి అయిదు నిమిషాలు మూతపెట్టండి. ఉప్పు మాత్రం రుచి చూశాకే వేయండి, ముక్కలో ఇప్పటికే ఉంది.