రొయ్య పేగులో నీలం పోగు: ప్లాస్టిక్కా, చొక్కా పోగా?

ప్రశ్న: ఐదెకరాల్లో వెనామీ రొయ్య వేశాం. 65 రోజులైంది, కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) 120 దగ్గరే ఆగిపోయింది. చెక్ ట్రేలో రొయ్యను ఆక్వా ల్యాబ్‌లో కోసి చూస్తే పేగులో నీలం పోగులు, నల్ల నలుసులు కనిపించాయి. మైక్రోప్లాస్టిక్ (సన్నని ప్లాస్టిక్ నలుసులు) వల్లే ఎదుగుదల లేదంటున్నారు. చుక్కలు వేస్తే ప్లాస్టిక్ మెరిసే కిట్ ఒకటి కొనమంటున్నారు. కొనాలా? ఎగుమతికి ఇబ్బంది వస్తుందా?
– ఒక రైతు, ఆకివీడు మండలం, పశ్చిమగోదావరి జిల్లా

జవాబు: కిట్ కొనకండి. ఆ డబ్బుతో ముందు ఈహెచ్‌పీకి (రొయ్య ఎదుగుదలను ఆపేసే ఒక సూక్ష్మ పరాన్నజీవి) పీసీఆర్ పరీక్ష చేయించండి. రెండు నెలలు దాటినా కౌంట్ కదలకపోతే, ఒకే చెరువులో చిన్నాపెద్దా తేడా ఎక్కువగా ఉంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. మైక్రోప్లాస్టిక్ రొయ్య పేగును దెబ్బతీస్తుందని ప్రయోగాలు చెబుతున్న మాట నిజమే. అయితే వాటిలో చాలావరకు చెరువుల్లో ఉండేదానికంటే ఎక్కువ మోతాదుతో తొట్టెల్లో చేసినవి. రెండు పోగులు కనిపించాయని నేరం వాటి మీదికి తోసేస్తే అసలు దొంగ తప్పించుకుంటాడు.

ఇక కిట్ సంగతి. మెరిసే రంగు అంటే అది బహుశా నైల్ రెడ్ అయి ఉంటుంది. ల్యాబుల్లో వాడేదే, మోసం కాదు. చిక్కేమిటంటే అది ప్లాస్టిక్‌తో పాటు కొవ్వుకీ అంటుకుంటుంది. పచ్చి పేగు మీద చుక్క వేస్తే రొయ్య కొవ్వు, మేతలోని నూనె కూడా మెరుస్తాయి. ఆ మెరుపు చూసి మీరు హడలిపోతారు. అందుకే ల్యాబులో ముందు కండను కరిగిస్తారు: 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో, 40 డిగ్రీల దగ్గర, ఒకటి రెండు రోజులు ఉంచితే మాంసం కరిగిపోయి ప్లాస్టిక్ మిగులుతుంది. దాన్ని వడగట్టి, పదార్థాన్ని కాంతితో గుర్తించే ఎఫ్‌టీఐఆర్ లేదా రామన్ యంత్రం కింద పెడితే అది పాలిథీనా, నైలానా అన్నది తేలుతుంది. ఎఫ్‌టీఐఆర్ సుమారు 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వరకు, రామన్ ఒక మైక్రాన్ దాకా పట్టగలవు. ఆ ద్రావణం చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది, ఇంట్లో ప్రయత్నించవద్దు.

మీరు చూసిన పోగుల వరకైతే సూది చాలు. సూదిని ఎర్రగా కాల్చి, మైక్రోస్కోప్ కింద పోగుకు దగ్గరగా తీసుకెళ్లమని ల్యాబు కుర్రాడికి చెప్పండి. ప్లాస్టిక్ అయితే ముడుచుకుపోతుంది లేదా కరిగి సూదికి అంటుకుంటుంది. నూలు పోగు కరగదు, నల్లగా మాడుతుంది. నల్ల నలుసును పట్టకారుతో నొక్కండి: మేత ముక్క అయితే చితికిపోతుంది, ఇసుక అయితే గరగరమంటుంది. రొయ్య అడుగు మట్టిని గెలికి తినే జీవి కాబట్టి పేగులో మట్టి ఉండడం వింతేమీ కాదు.

దీనికన్నా ముఖ్యమైనది, ఎవరూ చేయనిది ఇంకొకటుంది. రొయ్యను కోసేటప్పుడు పక్కనే ఒక గాజు పళ్లెంలో తడి ఫిల్టర్ పేపర్ మూత లేకుండా పెట్టి, పని అయ్యాక దాన్నీ మైక్రోస్కోప్ కింద చూడండి. పేగులో నాలుగు నీలం పోగులు ఉండి, ఆ కాగితం మీద కూడా మూడు పడి ఉంటే అవి చెరువువి కావు, మీ టెరికాట్ చొక్కావి. ఫ్యాన్ ఆపండి, నూలు బట్టలు వేసుకోండి, అప్పుడు కోయండి. నీటి నమూనా కూడా అంతే: గాజు సీసాలో పట్టండి, ప్లాస్టిక్ డబ్బాలో కాదు. ప్లాంక్టన్ వలతో వడకడతామంటారు కొందరు. ఆ వలే నైలాన్!

అడుగు మట్టిలో ఏముందో తెలియాలంటే లీటరు నీటిలో సుమారు 360 గ్రాముల ఉప్పు కరిగించండి. సముద్రపు ఉప్పులోనూ ప్లాస్టిక్ నలుసులు ఉంటాయి కాబట్టి ఉప్పునీటిని ముందు ఫిల్టర్ పేపర్‌లో వడకట్టాలి. ఎండబెట్టిన మట్టిని అందులో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. మేత సంచి పీలికలు, లైనర్ (చెరువులో పరిచే ప్లాస్టిక్ షీటు) ముక్కలు మంచినీటిలోనే తేలతాయి. నైలాన్ దారం మంచినీటిలో మునిగినా ఈ ఉప్పునీటిలో తేలుతుంది. పీవీసీ పైపు తురుము మాత్రం ఇందులోనూ మునుగుతుంది, కాబట్టి పైన ఏమీ లేదని నిశ్చింతగా ఉండడానికి లేదు.

నన్నడిగితే పరీక్ష కంటే ముందు గట్టు మీద ఒక చుట్టు తిరగండి. తూము దగ్గర మట్టి నింపి పేర్చిన పాత మేత సంచులు ఉన్నాయా? ఒకదాన్ని వేళ్లతో నలపండి. రెండు వేసవులు ఎండిన సంచి అయితే అప్పడంలా పొడి అవుతుంది. ఆ పొడి వానకు ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా? వాటిని తీసేయండి. సంచి విప్పినప్పుడు లాగిన కుట్టు దారం గట్టు మీద పారేయకుండా ఒక డబ్బాలో వేయించండి. పక్షులు వాలకుండా కట్టిన దారాలు పెళుసుబారితే మార్చండి. మేతలోని చేపపొడి ద్వారా, కాలువ నీటి ద్వారా వచ్చేదాన్ని మీరు ఆపలేరు. కాలువ నీటిని రిజర్వాయరులో కొన్నాళ్లు నిలవబెడితే బరువైన నలుసులు కొంతవరకు అడుగుకు చేరతాయి.

ఎగుమతికి భయం వద్దు. రొయ్యలో ఇంతకు మించి మైక్రోప్లాస్టిక్ ఉండకూడదనే పరిమితి యూరప్‌లో గానీ, అమెరికాలో గానీ, మన దేశంలో గానీ లేదు. ఆహారంలో దీన్ని కొలిచే పద్ధతులను ఖరారు చేయడానికి 2024లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ అందులో ఉంది. కంటైనర్లు వెనక్కి వస్తున్నది యాంటీబయాటిక్ అవశేషాల వల్ల. యూరప్ 2016లో మన సాగు రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది వాటి కోసమే. ఎదుగుదల లేదని ఎవరో ఇచ్చిన పేరులేని పొడి మేతలో కలిపితే, అందులో యాంటీబయాటిక్ ఉంటే, అదే అసలు ప్రమాదం.

తినేవాళ్లు అడిగితే చెప్పండి: రొయ్యలో ప్లాస్టిక్ ఎక్కువగా ఉండేది పేగులో, తలలో, మొప్పల్లో. తల తీసి, పొట్టు ఒలిచి, వీపు మీది నల్ల పేగు లాగేస్తే చాలావరకు పోతుంది. పేగుతో సహా ఎండబెట్టే చిన్న ఎండు రొయ్యల విషయం వేరు.

పీసీఆర్ ఫలితం వచ్చాక, సూది పరీక్షలో ఎన్ని కరిగాయో, పక్కన పెట్టిన కాగితం మీద ఎన్ని పోగులు పడ్డాయో రెండు లెక్కలూ రాసి పంపండి.