మెషీన్ కంటే ముందు పౌడర్‌ని పట్టించుకో

అమ్మలూ,

చర్లపల్లిలో మెటల్ 3డీ ప్రింటింగ్ యూనిట్‌లో చేరుతున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. మెషీన్ నడపడం మీ సీనియర్లు ఎలాగూ నేర్పిస్తారు. నేను పౌడర్ గురించే రాస్తున్నాను. పార్ట్ చెడిపోతే అందరూ లేజర్ సెట్టింగ్‌లు వెతుకుతారు, డబ్బాలో ఏముందో చూసేవాళ్లు తక్కువ.

పని జరిగే తీరు నీకు తెలిసిందే. ప్లేట్ మీద 30 నుంచి 60 మైక్రాన్ల పౌడర్ పొర పరుస్తారు, కావలసిన చోట లేజర్ కరిగిస్తుంది, ప్లేట్ కిందికి దిగుతుంది, మళ్లీ పొర. చాంబర్‌లో ఆర్గాన్ గానీ నైట్రోజన్ గానీ నింపుతారు. టైటానియానికి ఆర్గానే వాడాలి, వేడి మీద అది నైట్రోజన్‌ని కూడా పీల్చుకుంటుంది.

మొదటి వారం వీలైనంతసేపు పొర పరిచే రీకోటర్ బ్లేడ్‌నే చూడు. కరిగిన లోహాన్ని గ్యాస్ ధారతో చెదరగొట్టి చేసిన పౌడర్ గింజలు గుండ్రంగా, 15 నుంచి 45 మైక్రాన్ల మధ్య ఉంటాయి. గుండ్రంగా, పొడిగా ఉంటేనే పొర సాఫీగా పడుతుంది. ముగ్గుపిండికి చెమ్మ తగిలితే వేళ్ల సందులోంచి ముద్దలుగా పడి గీత తెగిపోతుంది చూడు, బ్లేడ్ కింద జరిగేదీ అదే. బ్లేడ్ నడిచే దారిలో ప్రతి పొరలోనూ ఒకేచోట సన్నని చార కనిపిస్తే, బ్లేడ్ అంచుకి గంటు పడిందేమో చూడు. వానాకాలంలో ఏసీ గదిలోంచి తెచ్చిన డబ్బా మూత వెంటనే తీయకు, చల్లటి పౌడర్ చెమ్మ పట్టేస్తుంది.

ఇన్‌కొనెల్ అనే నికెల్ మిశ్రమలోహం పౌడర్ జల్లించిన జల్లెడలో టైటానియం పోయనివ్వకు. రెండూ బూడిద రంగే, కలిసిపోతే కంటితో పట్టుకోలేవు. వాడిన పౌడర్‌ని జల్లించి మళ్లీ వాడతారు కదా, ఏ లాట్ ఎన్నిసార్లు తిరిగిందో రిజిస్టర్‌లో రాయి. టైటానియం తిరిగేకొద్దీ ఆక్సిజన్ పెరుగుతుంది. టైటానియం మిశ్రమలోహాల్లో గ్రేడ్ 5 అనే రకంలో అది 0.20 శాతం, ఇంప్లాంట్లకి వాడే గ్రేడ్ 23లో 0.13 శాతం దాటకూడదు. దాటితే పార్ట్ పెళుసుబారుతుంది. అది ఒకరి తుంటిలోకి వెళ్లే వస్తువని గుర్తుపెట్టుకో.

ఇంకొకటి. ప్లేట్ మీది పార్ట్‌ని స్ట్రెస్ రిలీవ్ చేయకుండా, అంటే వేడిచేసి లోపలి బిగువు తీయకుండా, ప్లేట్ నుంచి తీగతో కోసే వైర్‌కట్‌కి పంపకు. ఆ బిగువుకి కోస్తుండగానే వంకర తిరుగుతుంది.

నైలాన్ మెషీన్ కూడా ఉందట కదా. అందులో చుట్టూ ఉన్న పౌడరే పార్ట్‌ని మోస్తుంది కాబట్టి సపోర్టులు అక్కర్లేదు. కానీ బెడ్‌ని కరిగే వేడికి కాస్త దిగువన ఉంచుతారు, పీఏ12 అనే నైలాన్ రకానికి సుమారు 170 డిగ్రీలు. కస్టమర్ ఎంత తొందరపెట్టినా పూర్తిగా చల్లారాకే తీయి. గంటల తరబడి ఆ వేడిలో నానిన పౌడర్‌లో కొత్తది కలపకపోతే పార్ట్ పైభాగం నారింజ తొక్కలా వస్తుంది. పీఏ11 అనే ఇంకో నైలాన్‌ని ఆముదంతో చేస్తారు తెలుసా? మన పాలమూరు చేలల్లో పండే ఆముదమే!

ఇక, ఈ మాట మాత్రం తప్పకుండా విను. టైటానియం, అల్యూమినియం పౌడర్ గాల్లోకి లేస్తే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. మామూలు వాక్యూమ్ క్లీనర్ దగ్గరికి కూడా తేవద్దు, ఎర్తింగ్ లేకుండా డబ్బా ఒంపొద్దు, మంట వస్తే నీళ్లు అసలే వద్దు. లోహాల మంటలు ఆర్పే డి క్లాస్ సిలిండర్ ఎక్కడుందో చేరిన రోజే అడిగి, నీ కళ్లతో చూసుకో. మాస్క్ లేకుండా జల్లెడ దగ్గరికి పంపితే పోనని చెప్పు, ఎవరేమనుకున్నా సరే. అప్పటికీ వినకపోతే నాకు ఫోన్ చెయ్, నేనొచ్చి మాట్లాడతాను.

మీ మామయ్య