వెండి ఫెర్న్ గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

పెంచలకోన ఫెర్న్‌ల మీద నువ్వు పంపిన వ్యాసం అందింది. రాతి సందుల్లో పెరిగే ఆ వెండి ఫెర్న్‌ని, ఆకు అడుగున ఉన్న తెల్లటి పొడిని చాలా బాగా పట్టుకున్నావు. ఆకుని చేతి మీద అద్దితే తెల్లగా అచ్చు పడుతుందన్న మాట ఒక్కటి చాలు, చదివేవాళ్ళు నీ వెంట వస్తారు. కానీ పేరు దగ్గరికి వచ్చేసరికి హడావిడి పడ్డావు. "దీని పేరును శాస్త్రవేత్తలు తరచూ మారుస్తుంటారు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు కథంతా అక్కడే ఉందమ్మా. దాన్ని విప్పి రాయి.

పేరు మారడం అంటే ఒకే పని కాదు. నువ్వు మూడు వేర్వేరు సంగతుల్ని కలిపేశావు. మొదటిది, మొక్క అదే, దాన్ని పెట్టిన ప్రజాతి, అంటే దగ్గరి జాతుల్ని కలిపే గుంపు, మారింది. శాస్త్రీయ నామంలో మొదటి మాట ప్రజాతిది, రెండోది జాతిది. లినేయస్ శిష్యుడు ఫోర్స్‌కాల్ ఒక యాత్రలో యెమెన్ వెళ్ళి ఈ రకం ఫెర్న్‌ని సేకరించాడు. 1763లో అక్కడే జ్వరంతో చనిపోయాడు. ఆ యాత్ర నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన నీబుర్ 1775లో అతని రాతల్ని అచ్చు వేయించాడు. అందులో దీని పేరు టెరిస్ ఫారినోసా. 1824లో కౌల్‌ఫుస్ దీన్ని కీలాంథెస్‌లోకి మార్చాడు. ఆ తర్వాత ఫే దీన్ని అల్యూరిటోప్టెరిస్‌లో చేర్చాడు. మొదటి మాట మారుతున్నా ఫారినోసా అలాగే ఉండిపోయింది, చూశావా? ఇక్కడ జరిగిందల్లా దీని దగ్గరి చుట్టాలెవరన్న దాని మీద అభిప్రాయం మారడమే.

రెండో సంగతి ఇంకా పెద్దది. యెమెన్ మొక్కకి పెట్టిన ఆ పేరునే మన దేశంలో ఆకు కింద తెల్ల పొడి కనిపించిన ఎన్నో ఫెర్న్‌లకి చాలాకాలం వాడేశారు. పొడిని పక్కన పెట్టి మిగతా లక్షణాలు చూస్తే అవన్నీ ఒకటి కాదని తేలింది. బైకలర్, యాన్సెప్స్, ఆల్బోమార్జినేటా అంటూ వేర్వేరు జాతులుగా విడదీశారు. వీటిలో బైకలర్ అన్న పేరు రాక్స్‌బర్గ్‌ది. మన సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ తీరపు మొక్కల్ని బొమ్మలు గీయించిన రాక్స్‌బర్గే. ఆయన 1815లో పోయాడు, ఫెర్న్‌ల మీద రాసి పెట్టుకున్నది 1844లో గానీ అచ్చు కాలేదు. ఎప్పుడో పెట్టిన ఆ పేరుని వెతికి తీసి అల్యూరిటోప్టెరిస్‌లో నిలబెట్టింది ఫెర్న్‌ల పండితుడు ఫ్రేజర్-జెంకిన్స్. పోయినవాళ్ళ కాగితాల్లోంచి పేర్లు ఇలా మళ్ళీ బయటికొస్తుంటాయి. ఇంత కథ ఉండగా "మారుస్తుంటారు" అని ఎలా సరిపెట్టుకుంటాం?

మూడోది తేలిక. రెండు పేర్లూ ఒకే మొక్కవని తేలితే ముందు అచ్చయినదే నిలుస్తుంది. మన హంసపాది అనే ఫెర్న్‌ని ఆయుర్వేదం పుస్తకాల్లో ఇప్పటికీ అడియాంటమ్ లునులేటమ్ అనే రాస్తారు. అది 1768 నాటి పేరు. లినేయస్ 1753లోనే అడియాంటమ్ ఫిలిప్పెన్స్ అని పెట్టి ఉన్నాడు కాబట్టి, రెండూ ఒకటే అనేవాళ్ళు ఆ పాత పేరే వాడతారు.

ఇప్పుడు నీ ఫొటో సంగతి. అందులో ఆకు పైభాగం ఒక్కటే ఉంది. దాన్ని చూసి పేరు ఎవరూ చెప్పలేరు. ఆకు తిప్పి, లెన్సు పెట్టి చూడు. సిద్ధబీజాశయాలు, అంటే విత్తనాల బదులు ఫెర్న్‌కి ఉండే సన్నటి సిద్ధబీజాల తిత్తులు, అంచు పొడవునా వరసగా ఉండి, ఆకు అంచే మడత పడి వాటిని కప్పిందా? అయితే నువ్వు అనుకున్న గుంపే. అలా కాకుండా ఆకు ఈనెల వెంట అడుగంతా పరుచుకుని, పైన కప్పేమీ లేకపోతే అది పిటిరోగ్రామా కావచ్చు. అమెరికా నుంచి వచ్చి మన దేశంలో చాలాచోట్ల పాతుకుపోయిన మొక్క అది. దానికీ తెల్ల పొడి ఉంటుంది, అదీ చేతి మీద అచ్చు వేస్తుంది. నువ్వు అంత ఇష్టంగా వర్ణించిన లక్షణం ఈ రెంటినీ విడదీయలేదన్నమాట.

అంచు మడత ఉందని తేలాక ఆ మడత తెగకుండా సాగిందా, ముక్కలు ముక్కలుగా ఉందా చూడు. తర్వాత కాడ మొదట్లో ఉన్న పొలుసులు చూడు. మొత్తం ఒకే గోధుమ రంగా, లేక మధ్యలో నల్లగా ఉండి అంచులు పాలిపోయాయా? దగ్గరి జాతుల్ని విడదీసేది ఇలాంటి చిన్న విషయాలే. ఓపికుంటే, పండీ పగలని సిద్ధబీజాశయాన్ని గాజు పలక మీద నీటిచుక్కలో పెట్టి, సూదితో చిదిపి లెక్కపెట్టు. మామూలుగా 64 సిద్ధబీజాలు ఉంటాయి. 32 పెద్దవే ఉంటే, ఫలదీకరణ లేకుండా పిల్ల మొక్కలు పుట్టించే రకమని అనుమానించాలి. అలాంటి ఫెర్న్‌లో పిల్ల అచ్చంగా తల్లి నకలే. తల్లిలో ఉన్న చిన్న తేడా కలిసిపోకుండా తరతరాలు నడుస్తుంది. ఆ తేడాని జాతి అనాలా, రకం అనాలా అన్న దగ్గరే పండితులు చీలిపోతారు. వాళ్ళు తిక్కతోనో పంతంతోనో పేర్లు మారుస్తారని పాఠకుడు అనుకోకూడదంటే ఈ సంగతి నువ్వు చెప్పి తీరాలి.

2016లో 94 మంది కలిసి ప్రపంచంలోని ఫెర్న్‌లకీ వాటి బంధువులకీ ఒక వర్గీకరణ వేశారు, 337 ప్రజాతులు, 11,916 జాతులు. ఆ అంకె రాయి, కానీ తీర్పులా రాయకు. అప్పటికి అంతమంది ఒప్పుకున్న మాట అని రాయి. 1260 క్రోమోజోముల ఓఫియోగ్లోసమ్ గురించి నువ్వు పెట్టిన పేరా మాత్రం తీసెయ్. విషయం నిజమే, చదవడానికీ బాగుంది, కానీ నీ వెండి ఫెర్న్‌కి దానితో పని లేదు. దాన్ని ఇంకో వ్యాసానికి దాచుకో.

పాత పుస్తకాల దగ్గర కూడా కొంచెం జాగ్రత్త. మనవాళ్ళు మొక్క అనగానే గ్యాంబుల్‌ని తిరగేస్తారు, ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ పూల మొక్కల వరకే రాశాడు. ఫెర్న్‌లు పూలు పూయవు కాబట్టి వాటికి బెడ్డోమ్ దగ్గరికి వెళ్ళాలి. 1863 నుంచి ఆయన వేయించిన బొమ్మలు ఈ రోజుకీ పనికొస్తాయి, పేర్లు మాత్రం ఇప్పటివాటితో సరిచూసుకోవాలి. తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు, ఉంది, కోయంబత్తూరులో మద్రాసు హెర్బేరియం ఉంది. ఎండిన నమూనాని నీ కళ్ళతో చూసి రాసిన వాక్యానికి ఉండే బలమే వేరు.

ఈ పనులన్నీ అయ్యేదాకా వ్యాసంలో ఒకే జాతి పేరు రాసేయకు. "అల్యూరిటోప్టెరిస్ ఫారినోసా గుంపులోని మొక్క" అంటే చాలు, అది కూడా అంచు మడత చూశాకే. ఆ తర్వాత నీకు ఏ లక్షణం కనిపించిందో, అది దేన్ని కాదంటుందో చెప్పుకుంటూ పో. లాటిన్ పేర్లు నాలుగు మించితే పాఠకుడు చెయ్యి వదిలేస్తాడు.

ఎండాకాలంలో వెళ్ళావంటే ఆకులు ముడుచుకుని తెల్లటి అడుగుభాగం పైకి తేలి ఉంటుంది, ఏమీ తెలియదు. మనకి వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలవే కాబట్టి కార్తీకంలో వెళ్ళు. అది పెనుశిల నరసింహ అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేనిదే ఆకు కూడా కోయొద్దు. అనుమతి దొరికితే బాగా పెరిగిన ఆకు ఒకటి, కాడ మొదలు పొలుసులతో సహా తీసుకో, దుబ్బు పెకిలించకు. తేదీ, చోటు, రాతి స్వభావం అక్కడే రాసుకో. ముందు ఆకు అడుగుభాగం ఫొటోలు, అంచుది విడిగా, పొలుసులది విడిగా పంపు. అవి చూశాక వ్యాసం రెండో సగం ఎలా తిరగరాయాలో మాట్లాడుకుందాం.