వాడికి కబురు పెట్టొద్దు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి విషయం చెప్పింది. మొగుడి చేతిలో దెబ్బలు తింటున్న నీ స్నేహితురాలిని, వాళ్ల బాబుని శనివారం విజయవాడ సింగ్‌నగర్ ఇంటి నుంచి తీసుకొచ్చి పటమటలో మీ ఫ్లాట్‌లో పెట్టుకుంటానన్నావట. విన్నప్పటి నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. మా ఇంటి పిల్ల ఇంత ధైర్యం చేస్తోందని గర్వంగా ఉంది, ఆ వెంటనే భయం వేస్తోంది. "నువ్వైనా వద్దని చెప్పు అక్కా" అని మీ అమ్మ నాకు అప్పగించింది. నేను వద్దని చెప్పను. తప్పకుండా చెయ్యి. కానీ నువ్వు అనుకుంటున్న పద్ధతిలో కాదు.

ఆ అమ్మాయి పేరు ఇందులో రాయలేదు. చదివాక దీన్ని ఫోటో తీసి ఆమెకు పంపకు. ఆమె ఫోన్ రాత్రిళ్లు మొగుడి చేతిలోనే ఉంటుందని నువ్వే అన్నావు.

ముందు నిన్ను తిట్టాలి. "నేనే వెళ్లి వాడి మొహం మీద నాలుగు కడిగి తీసుకొస్తాను" అన్నావట. వాడిని కడిగేస్తే నీ కసి తీరుతుంది. ఆ పిల్లకి ఏం ఒరుగుతుంది? పెళ్లాన్ని కొట్టేవాడు కోపం ఆపుకోలేక కొడతాడని అందరూ అనుకుంటారు. మరి ఆఫీసులో మేనేజరు మీద చెయ్యెత్తడేం? ఇంట్లో, తలుపులు వేశాకే వాడి చెయ్యి లేస్తుంది. ఆమె తన చెప్పుచేతల్లోంచి జారిపోకూడదన్న పట్టుదలే దీనంతటికీ మూలం. ఆమె ఏటీఎం కార్డు దగ్గర పెట్టుకున్నది అందుకే, పుట్టింటికి ఫోన్ చేస్తే పక్కన నిలబడి వినేదీ అందుకే. అలాంటివాడికి ఆమె వెళ్లిపోతోందని తెలిసిన రోజే అన్నిటికంటే ప్రమాదం. వెళ్లే రోజు, ఆ తర్వాత వచ్చే కొన్ని వారాలు. ఆసుపత్రి క్యాజువాల్టీలో పని చేసినన్నాళ్లూ నేను చూసింది ఇదే.

అంతకంటే ముందు మన ఇంట్లోనే చూశాను. నీకెవరూ చెప్పి ఉండరు.

నీకు నేనొక్కదాన్నే పెద్దమ్మననుకుంటున్నావు. ఇంకొకామె ఉండేది. మా బాబాయి చిన్నవయసులోనే పోతే ఆయన కూతుర్ని మీ తాతయ్యే పెంచారు. నాకంటే పెద్దది. నాకు సైకిల్ నేర్పిందీ, రెండు జడలు వేసి బడికి పంపిందీ ఆమే. నరసరావుపేట వైపు సంబంధం చూసి, ఉన్నంతలో బాగానే పెళ్లి చేశారు. 1981లో ఒక రాత్రి చివరి బస్సుకి ఒక్కతే గుంటూరు వచ్చేసింది. చేతిలో సంచి కూడా లేదు. గొంతు బొంగురుపోయి ఉంది, జలుబు చేసిందంది. అన్నం పెడితే మింగుడు పడక మజ్జిగ తాగి పడుకుంది.

మీ తాతయ్య చెడ్డవారు కాదు. ఆడపిల్లల్ని పట్టుబట్టి చదివించిన మనిషి. మర్నాడు పొద్దున్నే ఆయన అల్లుడికి మనిషి చేత కబురు పంపారు, "అమ్మాయి మా దగ్గర క్షేమంగా ఉంది, మీరు కంగారు పడకండి" అని. అది మర్యాద అనుకున్నారు. పిల్ల చెప్పకుండా వచ్చేసింది, అవతలివాళ్లు వెతుక్కుంటారు కదా అని.

మూడోనాడు వాళ్లు దిగారు. అతను, అతని తండ్రి, వాళ్ల ఊరి పెద్దమనుషులు ఇద్దరు. వస్తూనే తాతయ్య కాళ్ల మీద పడి ఏడ్చాడు. నటన అని చెప్పలేను, నిజం కన్నీళ్లే. మా నానమ్మ కూడా కళ్లొత్తుకుంది. అక్క లోపల కాఫీలు కలిపి తనే పట్టుకొచ్చి అందరికీ ఇచ్చింది, అతనికి కూడా. అప్పుడొకాయన "ఏమ్మా, వెళతావా?" అని అడిగారు. అంతమంది మగవాళ్ల మధ్య, అతని ఎదురుగా. ఆమె తల వంచుకుంది. తల ఊపిందన్నారు పెద్దవాళ్లు. ఊపలేదని మీ అమ్మ ఇప్పటికీ అంటుంది. అప్పుడది చిన్నపిల్ల, గుమ్మం పక్కనే నిలబడి చూసింది. ఇక మీద చెయ్యి చేసుకోనని స్టాంపు కాగితం మీద రాయించి, చీర పెట్టి, బొట్టు పెట్టి, సాయంత్రం బస్సెక్కించారు.

నెల తిరగకుండా బావిలో పడిందని కబురొచ్చింది. పడిందనే చెప్పారు.

ఆ రోజు హాల్లో కూర్చున్న మా వాళ్లందరూ ఆమె మంచి కోరినవాళ్లే. అయినా ఒక్కరు కూడా ఆమెను పెరట్లోకి తీసుకెళ్లి, అక్కడ నీకేం జరుగుతోంది, నీకేం కావాలి అని అడగలేదు. అడగాల్సినవన్నీ అతన్నే అడిగారు. మళ్లీ కొడతావా అంటే కొట్టనన్నాడు, ఆ మాటనే కాగితం మీద పెట్టుకున్నారు. తాతయ్య ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఎవరింటి రాజీకీ వెళ్లలేదు. అప్పటికి, భార్యను హింసించే మొగుడి మీద కేసు పెట్టే 498ఏ సెక్షన్ కూడా లేదు, అది 1983లో వచ్చింది. గృహహింస చట్టం రావడానికి 2005 దాకా పట్టింది. నీకు ఇవాళ అవన్నీ ఉన్నాయి. కానీ తాతయ్య మనిషి చేత పంపిన కబురునే ఇప్పుడు వాట్సాప్‌లో పంపిస్తున్నారు, "మా దగ్గరే ఉంది, టెన్షన్ పడకండి" అని. నువ్వు పంపొద్దు. మీ ఆయన చేత పంపించొద్దు. ఆమె పుట్టింటివాళ్లలో కూడా నోరు ఆగనివాళ్లకి చెప్పొద్దు.

అక్క బొంగురు గొంతు ఏమిటో క్యాజువాల్టీలో చేరాక అర్థమైంది. గొంతు నులిమితే అలాగే అవుతుంది. మాట మారుతుంది, మింగడం కష్టమవుతుంది, కళ్లలో ఎర్రటి చుక్కలు రావచ్చు. చాలామందికి మెడ మీద మచ్చ కూడా కనబడదు. పైకి బాగానే ఉండి, లోపలి దెబ్బ గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత బయటపడుతుంది. గొంతు నులిమినవాడి చేతిలో ఆ తర్వాత ఆమె హత్యకు గురయ్యే ప్రమాదం ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని 2008లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. అందుకని ఈ ఒక్కటి తప్పకుండా అడుగు, ఎవరూ లేనప్పుడు అడుగు: "ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా?" కొట్టాడా అని అడిగితే గొంతు సంగతి చాలామంది చెప్పరు, దాన్ని కొట్టడం కింద లెక్కేయరు. ఈ మధ్యనే జరిగిందంటే శనివారం దాకా చూడొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లు. డాక్టరుకి జరిగింది జరిగినట్టు చెప్పాలి. బాత్రూంలో జారిపడ్డానంటే కేసు షీటులో అదే ఎక్కుతుంది, రేపు కోర్టులో దాన్నే చూపిస్తారు. ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసుగా రాయమని అడగండి.

కాగితాల సంగతి నీకు తెలిసిందే. ఆధార్, పాస్‌బుక్, ఆమె సర్టిఫికెట్లు, బాబు బర్త్ సర్టిఫికెట్, పెళ్లి ఫోటోలు. ఒకేసారి కాకుండా ఒక్కోటిగా నీకు చేరాలి. నగల కోసం ఆగొద్దు, అవి ఆమె స్త్రీధనం, తర్వాత కోర్టు ద్వారా అడగవచ్చు.

ఫోన్‌తో జాగ్రత్త. ఆమె గూగుల్ అకౌంట్ వాడి ఫోన్‌లో కూడా ఉంటే ఆమె ఎక్కడుందో కూర్చున్నచోటే కనిపెడతాడు. అలాగని ఇప్పుడే లొకేషన్ ఆపేసినా, పాస్‌వర్డ్ మార్చినా అనుమానం వస్తుంది. బయల్దేరే దాకా ఏదీ ముట్టుకోకుండా, కొత్త సిమ్‌తో ఒక చిన్న ఫోన్ నీ దగ్గర సిద్ధంగా ఉంచు.

బాబుని వదిలి రావద్దు. వదిలితే బిడ్డను చూపించి ఆమెను వెనక్కి లాగుతారు. బాబుకి మాత్రం ముందు చెప్పకండి, ఆ వయసు పిల్లల నోట్లో నువ్వుగింజ నానదు.

"నా ఇష్టంతోనే బిడ్డను తీసుకుని వెళుతున్నాను" అని ఆమె చేత్తో రాసి సంతకం పెట్టిన కాగితం ఒకటి తీసుకో. వాడు భార్య కనబడటం లేదని, నువ్వే ఎత్తుకెళ్లావని స్టేషన్‌కి వెళ్లవచ్చు. అంతకంటే ముందే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి ఆమె చేత మాట్లాడించు. ఇలాంటి ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో కౌన్సెలరు, లాయరు సాయం ఉంటుంది, అవసరమైతే ఐదు రోజుల దాకా ఉండనిస్తారు.

ఇక కేసు. వేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, నువ్వు తొందరపెట్టకు. వేస్తానంటే గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ దగ్గర వేయవచ్చు, తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లో కూడా వేయవచ్చు. వాడు దగ్గరికి రాకూడదని, ఖర్చులకు డబ్బివ్వాలని, బిడ్డ ఆమె దగ్గరే ఉండాలని కోర్టు మధ్యంతర ఉత్తర్వులివ్వగలదు. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు. పాత 498ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్, 2024 జూలై నుంచి. మా పరిధి కాదని ఏ స్టేషన్ అయినా పంపేయబోతే జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే ఎఫ్ఐఆర్, రాయమని గట్టిగా అడుగు. ఆడవాళ్లకి లీగల్ ఎయిడ్ లాయరు ఉచితం, ఆదాయం చూడరు, నంబరు 15100. కౌన్సెలింగ్‌కి పిలిస్తే వెళ్లండి, కానీ ఆమెతో విడిగా మాట్లాడాలని ముందే చెప్పండి. వాడి ఎదురుగా ఆమె అనే "సరే" సరే కాదు. కోర్టులో ఆలస్యమవుతుందని కూడా ఆమెకు దాచకుండా చెప్పు.

"ఎన్నిసార్లు చెప్పినా వస్తానంటుంది, మళ్లీ ఆగిపోతుంది" అని విసుక్కున్నావట. అమ్మడూ, అలా అనకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ముగ్గురు మొగుడి చేతిలో హింస పడ్డామని చెప్పారు. హింస పడ్డవాళ్లలో సాయం అడిగినవాళ్లు నూటికి 14 మందే. నీ దగ్గర నోరు విప్పడమే ఆ పిల్లకి ఎంత కష్టమై ఉంటుందో ఆలోచించు. శనివారం పొద్దున ఆమె రానంటే కోప్పడకుండా తిరిగి వెళ్లిపో. తలుపు తెరిచే ఉందని మాత్రం చెప్పు. వచ్చాక మళ్లీ వెళ్లినా అంతే. నువ్వు కూడా విసుక్కుంటే ఇక ఆమె ఎవరికి చెప్పుకుంటుంది?

ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు 1922లోనే ఆడవాళ్ల కోసం శారదా నికేతనం పెట్టిన ఊరు మన గుంటూరు. నువ్వు చేసేది ఎవరూ చేయని పని కాదు, భయపడకు.

ఆమెను మీ ఫ్లాట్‌కి మాత్రం తీసుకెళ్లొద్దు. వాడు మొదట వెతికేది నీ ఇంట్లోనే. నేరుగా గుంటూరు బ్రాడీపేటకి, నా దగ్గరికి తీసుకురా. ఈ ఇల్లు వాడికి తెలియదు. బస్టాండు వద్దు, వాడి తమ్ముడు అక్కడే పని చేస్తాడన్నావు కదా. మీ కారు కాకుండా వేరే కారు మాట్లాడుకుని మంగళగిరి మీదుగా వచ్చేయండి. ఆమెను దింపి నువ్వు వెనక్కి వెళ్లాక వాడు మీ తలుపు కొడతాడు. ఏడుస్తాడు, బాబు పేరు చెప్పి బతిమాలతాడు. తలుపు తీయకు. వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచు. గొడవ చేస్తే 112కి ఫోన్ చెయ్యి, మొహమాటపడకు.

వెనక గది కడిగించాను, మంచం వేయించాను. ఆమెకు బీపీ, థైరాయిడ్ లాంటి మందులేమైనా ఉంటే పేర్లు కనుక్కో, ఇక్కడ తెప్పించి పెడతాను. బాబు కారం తింటాడా, పాలలో ఏం కలుపుకుంటాడో కూడా అడుగు.

మీ పెద్దమ్మ