ఏటిగట్టు మీద పరుగు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ముప్పై రెండేళ్లు ప్రభుత్వ హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా చేసి, రిటైరై ధవళేశ్వరంలో ఉంటున్నాను. పరుగు గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. పోయిన ఏడాది మూడు నెలలు అక్కడ ఉన్నాను. ఆదివారాలు హడ్సన్ నది ఒడ్డున పాలిసేడ్స్ అనే చోటికి తీసుకెళ్లేది. ఒకవైపు నది, ఇంకోవైపు నిట్టనిలువు రాతి గోడ, మధ్యలో చెట్ల కిందుగా మట్టి బాట. నడకతో మొదలుపెట్టి, వచ్చేసేనాటికి రెండు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలిగాను. నాకు 47 ఏళ్లు. ఇక్కడికొచ్చాక స్కూలు గ్రౌండు చుట్టూ తిరుగుతుంటే పది రోజులకే విసుగొచ్చింది. మనవైపు అలాంటి బాట ఎక్కడైనా ఉందా? తెల్లవారుజామున ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా కూడా ఉంది. (గృహిణి, అంబాజీపేట)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. నలభై ఏడేళ్లకు పరుగు మొదలుపెట్టి, ఊరికొచ్చాక కూడా మానకూడదనుకున్నారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది.

మీరు చూసిన ఆ రాతి గోడ సుమారు 20 కోట్ల ఏళ్ల నాటిది. కరిగిన రాయి నేల లోపలే గడ్డకట్టి, పైన ఉన్న పొరలు అరిగిపోయాక బయటపడింది. కొన్నిచోట్ల 150 మీటర్ల పైచిలుకు ఎత్తు ఉంటుంది. 1890ల్లో కంకర కోసం దాన్ని పేల్చేస్తుంటే అక్కడి స్త్రీల సంఘాలు పట్టుబట్టాయి. 1900లో ఒక పార్కు కమిషన్ ఏర్పడి ఆ క్వారీలను ఆపించింది. మీ అమ్మాయి మిమ్మల్ని తిప్పిన బాట అలా మిగిలింది.

మా ధవళేశ్వరం కొండ కథ ఇంకోలా జరిగింది. 1847లో కాటన్ దొర ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు రాయి తీసింది ఈ కొండ నుంచే. పట్టాలు వేసి, రాళ్ల బళ్లను ఏటి దాకా నడిపారు. 1852కి ఆనకట్ట పూర్తయింది. మీ కొబ్బరి తోటలకూ, పక్కనున్న వరి చేలకూ వచ్చే కాలువ నీళ్ల వెనక ఈ కొండ రాయి ఉంది. ఇక్కణ్ణించి కిందికి, కోనసీమలో మీరు ఎంత తిరిగినా రాతి చరియ దొరకదు. అంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రే. అందుకని కొండ బాట కోసం వెతుక్కోకండి. మనకున్న బాట గట్టు. నన్నడిగితే అదేమీ తక్కువది కాదు.

కాలువ గట్టు వేరు, ఏటిగట్టు వేరు. కాలువ గట్టు మీద నీడ ఉంటుంది, నిద్రగన్నేరు చెట్లున్న చోట ఎనిమిదింటికి కూడా చల్లగా ఉంటుంది. ఏటిగట్టు వరదను ఆపడానికి కట్టింది కాబట్టి ఎత్తు ఎక్కువ. 1986 వరద తర్వాత ఇంకా పెంచారు. దాని మీద పరుగెడుతుంటే ఒకవైపు కొబ్బరి మట్టలు మన భుజాల ఎత్తుకొస్తాయి. ఇంకోవైపు లంకల్లో అరటి, కూరగాయల మళ్లు, వాటి అవతల గోదావరి. ఇప్పుడు చాలా చోట్ల తారు వేసేశారు, బళ్లు కూడా పెరిగాయి. మట్టి మిగిలిన ముక్క మీ ఊరికి దగ్గర్లో ఎక్కడుందో ఒక సాయంత్రం స్కూటరు మీద వెళ్లి చూసిరండి.

నేను రోజూ వెళ్లే గట్టు మీద తారు పక్కన రెండడుగుల గరిక ఉంది. అదే నా ట్రాక్. మార్గశిరంలో మంచు బాగా పడినప్పుడు గరిక తెల్లగా కనిపిస్తుంది, బూటు పడ్డ చోటల్లా ముదురాకుపచ్చ మచ్చ పడుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఆ మచ్చలు చూసుకుంటూ వస్తాను. కుడిపాదం బయటికి తిరిగి పడుతోందా, అలసిపోయాక అంగ ఎంత కురచైందీ అన్నీ అందులోనే కనిపిస్తాయి. పిల్లలకు నేను బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పిందంతా ఆ గరికే చెప్పేస్తుంది. వాన కురిసిన మర్నాడు మాత్రం మట్టి గట్టు జోలికి పోకండి. ఒండ్రు బూటుకు అంటుకుందంటే వదలదు, నాలుగంగలు వేసేసరికి కాలు ఎత్తలేం.

మొదటి నెల వారానికి నాలుగు రోజులు చాలు. రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. న్యూజెర్సీలో రెండు కిలోమీటర్లు చేశాను కదా అని ఇక్కడ అంత దూరమే పెట్టుకోవద్దు. మన గాలిలో తేమ ఎక్కువ, చెమట పడుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. అదే వేగానికి ఇక్కడ గుండె ఎక్కువ కష్టపడుతుంది. పక్కనున్న మనిషితో మాట్లాడగలిగేంత వేగంలోనే వెళ్లండి. ఇంటికొచ్చాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగండి.

భయం సంగతి. చీకట్లో బయల్దేరకండి. పాలవాళ్లు సైకిళ్ల మీద తిరగడం మొదలయ్యాక, మొహం ఆనవాలు పట్టేంత వెలుగు వచ్చాక వెళ్లండి. వీధిలో ఇంకొకరిని కూడగట్టుకోండి, వాళ్లు నడిచినా సరే. ఎటు వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి. కుక్క వెంటపడితే పరుగు ఆపి నడవండి, మీరు పరుగెత్తుతున్నంతసేపూ అది ఆగదు. కోతల రోజుల్లో చేలల్లోంచి పాములు గట్టెక్కుతాయి. గడ్డి ఏపుగా పెరిగిన అంచున కాలు పెట్టకండి. ధాన్యం ఆరబోసి ఉంటే గట్టు దిగి పక్కగా నడిచి వెళ్లాలి. మన బూటు కింద నలిగేది రైతు కష్టం.

వరద రోజుల్లో ఏటిగట్టు ఎక్కొద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక విన్న రోజునే మీ పరుగును ఊళ్లో రోడ్డు మీదికి మార్చేయండి. ఆ రోజుల్లో గట్టు ఇసుక బస్తాలు మోసేవాళ్లకి కావాలి, లంకల్లోంచి తోలుకొచ్చిన గొడ్లని కట్టేయడానికి కావాలి.

ఇక మీ ఆదివారాలకు పి.గన్నవరం దగ్గరే. అక్విడక్టు, అంటే కాలువను ఏరు దాటించే వంతెన, దగ్గర దిగండి. కింద గోదావరి వైనతేయ పాయ, పైన కాలువ. 1850ల్లో కట్టిన పాతదాని పక్కనే డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన కొత్త అక్విడక్టు ఉంది. ఏటి మీదుగా ఇంకో నీళ్ల దారి వెళ్లడం చూడటానికి హడ్సన్ ఒడ్డున మీకు వీలుపడి ఉండదు. కాస్త అలవాటయ్యాక ఒక ఆదివారం మా ధవళేశ్వరం రండి. బ్యారేజీ నాలుగు ముక్కలుగా ఉంటుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మొత్తం 175 గేట్లు. వాహనాలు తిరుగుతాయి కాబట్టి దాని మీద నడకే మంచిది. తర్వాత జనార్దనస్వామి కొండ ఎక్కి వెనక్కి చూడండి. గోదావరి పాయలుగా విడిపోయేది అక్కడే. మీరు అడిగిన ఏరూ, రాయీ ఒకేచోట కనిపించేది కూడా మన డెల్టాకి అక్కడే.

ప్రశ్న: మాస్టారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం. పది కిలోమీటర్ల పరుగు పోటీకి తయారవుతున్నాను. కోరింగ అభయారణ్యంలో చెక్క వంతెన మీద ప్రాక్టీసు చేయొచ్చా? ఫ్రెండ్సేమో పాపికొండల అడవికి పోదాం అంటున్నారు. (విద్యార్థి, తాళ్లరేవు)

జవాబు: తమ్ముడూ, రెండూ వద్దు. కోరింగ నాకు ప్రాణం, అందుకే గట్టిగా చెబుతున్నాను. 1978లో అభయారణ్యం చేసిన ఆ మడ అడవిలో నీటికుక్కలున్నాయి, బావురుపిల్లి ఉంది. ఆ చెక్క వంతెన మెల్లగా నడుస్తూ చూడటానికి వేసింది. దాని మీద పదిమంది దడదడా పరుగెత్తితే బురదలో పీతలు కూడా బొరియల్లోంచి బయటికి రావు. తడిసిన చెక్క మీద జారితే నీకూ ప్రమాదమే. ఒకరోజు పరుగు మానేసి, సముద్రపు నీళ్లు వెనక్కి తీసే పాటు సమయానికి వెళ్లు. నీళ్లు తీశాక మడచెట్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు నిలబెట్టినట్టు వేళ్లు లేచి ఉంటాయి. అవి ఆ చెట్ల ముక్కులు, ఊపిరి బురదలో అందక పైకి వచ్చి తీసుకుంటాయి. తిల్ల చెట్టు కొమ్మ మాత్రం విరవకు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

పాపికొండలు 2008 నుంచి జాతీయ పార్కు. అక్కడ నది మీద నిలబడిన కొండలు లాంచీలోంచి చూసి మురిసిపోవలసినవి. అనుమతి లేకుండా అడవిలోకి పోవడం తప్పు, అందులోనూ పరుగెత్తడం మరీ తప్పు. 2024 సెప్టెంబరులో రాజమండ్రి పక్కన దివాన్‌చెరువు అడవిలో చిరుతపులి తిరిగి, తర్వాత కడియం నర్సరీల దాకా వచ్చింది. నువ్వూ విని ఉంటావు. పరుగెత్తేది కనిపిస్తే వెంటపడటం దాని నైజం.

నీకు కావలసింది కొలిచిన దూరం, చదునైన నేల. పొద్దున్నే యానాం వెళ్లి గౌతమి ఒడ్డు రోడ్డు మీద చెయ్యి. ఎదురుగాలి ఉన్న రోజు గడియారం చూడకు.

ప్రశ్న: కాలువ పక్క రోడ్డు మీద పరుగెడతాను. మూడు కిలోమీటర్లు దాటగానే కుడి మోకాలు బయటివైపు నొప్పి. ఆపితే తగ్గుతుంది. వాహనాలకు ఎదురుగా, కుడి అంచునే వెళ్తాను. వచ్చేటప్పుడూ అంతే. (బ్యాంకు ఉద్యోగి, నిడదవోలు)

జవాబు: మీ ఆఖరి రెండు వాక్యాల్లోనే కారణం ఉండొచ్చండి. నీళ్లు నిలవకుండా రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మీరు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కుడి అంచునే కాబట్టి, ప్రతి అంగకూ మీ కుడికాలు పల్లంలో పడుతోంది. తొడ బయటివైపు నుంచి మోకాలి కిందికి దిగే పట్టీ లాంటి గట్టి పొర ఉంటుంది. అది మోకాలి ఎముక దగ్గర ఒరుసుకుని మీరు చెప్పిన చోటే నొప్పి తెస్తుంది. నా దగ్గర చదివిన ఒక అమ్మాయికి సరిగ్గా ఇలాగే వచ్చింది. నేను రెండు వారాలు బూట్లను తిట్టాను, మూడో వారం ఆమె వెనకాల సైకిలు మీద వెళ్లి చూస్తే గానీ వాలు సంగతి తట్టలేదు. తప్పు నాది, నొప్పి ఆ పిల్లది.

ఎదురుగా వెళ్లే అలవాటు మంచిదే, వాహనాలున్నచోట అది మార్చకండి. రోడ్డునే మార్చండి. కాలువకు అవతలి గట్టు మట్టిదైతే దాని నడినెత్తిన పరుగెత్తండి. వారం రోజులు రెండు కిలోమీటర్లకు మించొద్దు. నొప్పి మొదలైన చోటే ఆగి నడిచి వచ్చేయండి. మోకాలు వాచినా, మెట్లు దిగేటప్పుడు పట్టేసినా ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. బూట్లు రెండూ తిప్పి అడుగులు చూడండి, ఏ బూటు ఏ అంచున ఎక్కువ అరిగిందో నాకు రాసి పంపండి.