ఇల్లు తాకట్టు పెట్టి ఎంపీహెచ్‌కి వెళ్లాలా?

ప్రశ్న: మాది గుంటూరు. బీడీఎస్ అయ్యాక ఒక క్లినిక్‌లో నెలకి 18 వేలకి పనిచేస్తున్నాను. పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ (ఎంపీహెచ్) చేయాలని ఉంది. మూడు చోట్ల సీటు వచ్చింది. అమెరికాలో పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో జనరల్ ఎంపీహెచ్‌కి మొత్తం 72 లక్షలు అవుతుంది. అక్కడే ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎపిడెమియాలజీ (జబ్బులు ఎలా వ్యాపిస్తాయో చదివే విభాగం) ఎంపీహెచ్‌కి 40 లక్షలు. హైదరాబాద్‌లో అయితే హాస్టల్‌తో కలిపి 7 లక్షలు, చదివాక 40 వేల దాకా జీతం వస్తుందంటున్నారు. నాన్నగారు రిటైర్డ్ టీచర్, పెన్షన్ 42 వేలు. ఇల్లు తాకట్టు పెడతానంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ ప్రైవేటు యూనివర్సిటీని పక్కన పెట్టేయండి. ఫీజు ఒక్కటే కారణం కాదు. అమెరికాలో చదువయ్యాక పనిచేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ 12 నెలలే. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటేనే ఇంకో 24 నెలలు పొడిగిస్తారు. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ ఆ జాబితాలో ఉన్నాయి, జనరల్ ఎంపీహెచ్ లేదు. అంటే 72 లక్షలు పోసి, అప్పు తీర్చుకోవడానికి ఒక్క ఏడాది చేతిలో పెట్టుకోవడం. ఆ ఏడాదిలో కూడా ఉద్యోగం లేకుండా 90 రోజులకి మించి ఉండకూడదు.

స్టేట్ యూనివర్సిటీ విషయంలోనూ కోర్సు పేరు చూసి నమ్మకండి. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద కోర్సు కోడ్ ఉంటుంది. ఎపిడెమియాలజీకి 26.1309, జనరల్ పబ్లిక్ హెల్త్‌కి 51.2201. ప్రత్యేక విభాగం ఏదైనా అందరికీ జనరల్ కోడే వేసే చోట్లూ ఉన్నాయి. ఏ కోడ్ ఇస్తారో, అక్కడ పబ్లిక్ హెల్త్ కోర్సులకి గుర్తింపునిచ్చే సీఈపీహెచ్ ఆమోదం ఉందో లేదో డిపాజిట్ కట్టకముందే ఈమెయిల్‌లో రాయించుకోండి.

ఇక అప్పు. 40 లక్షలు 11 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. మొదటి ఏడాది సగం, రెండో ఏడాది మిగతా సగం వాడుకుని, చదువయ్యాక ఇంకో ఆరు నెలలు ఆగితే, కిస్తీ మొదలయ్యేనాటికి సుమారు 8.8 లక్షల వడ్డీ కలుస్తుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు 67 వేలు. అమెరికాలో ఉద్యోగం వస్తే ఇది కట్టగలిగిన మొత్తమే. రాకపోతే మీ 40 వేల జీతం, నాన్నగారి 42 వేల పెన్షన్ కలిపితే 82 వేలు. అందులో 67 పోతే ఇంట్లో ముగ్గురికీ మిగిలేది 15 వేలు. ఈ లెక్క నాన్నగారికి కాగితం మీద చూపించండి.

ఆ ఉద్యోగం గురించి కూడా నిజం చెప్పుకోవాలి. పబ్లిక్ హెల్త్ జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాలు కావు. ఈ రంగంలో చాలా ఉద్యోగాలు ప్రభుత్వ డబ్బు మీదే నడుస్తాయి. 2025లో అక్కడి ఆరోగ్య శాఖ ఏకంగా 10 వేల ఉద్యోగాల కోత ప్రకటించింది. అనుభవం ఉన్నవాళ్లే ఇప్పుడు మీతో పోటీకి వస్తారు. పైగా ఫెడరల్ ఉద్యోగాలు దాదాపు అన్నీ పౌరసత్వం ఉన్నవాళ్లకే.

ఇంకో మాట, మీరు రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. మన బీడీఎస్ పిల్లలు చాలామంది ఎంపీహెచ్ పేరుతో వెళ్లి, అక్కడి డెంటల్ బోర్డు పరీక్ష ఐఎన్‌బీడీఈ రాసి, అమెరికా డెంటిస్ట్ డిగ్రీ అయిన డీడీఎస్‌లో చేరాలనుకుంటారు. మీ మనసులో ఉన్నది అదే అయితే ఈ 40 లక్షలు మొదటి అప్పు మాత్రమే. డీడీఎస్ ఫీజు దీనికి ఎన్నో రెట్లు. అప్పుడు లెక్క మొత్తం మారిపోతుంది, మళ్లీ రాయండి.

పబ్లిక్ హెల్తే మీ దారి అయితే నా సలహా ఇది. స్టేట్ యూనివర్సిటీకి ఈ వారమే రాసి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలోనే పనిచేస్తూ ఫీజు తగ్గించుకునే అవకాశం) అడగండి. ట్యూషన్ ఫీజులో చెప్పుకోదగ్గ భాగం తగ్గి, అప్పు 25 లక్షల లోపు ఉంటేనే వెళ్లండి. ఇల్లు తాకట్టు లేకుండా దొరికే లోన్ అయితే వడ్డీ ఒక శాతం ఎక్కువైనా నేను దానికే ఓటేస్తాను. వడ్డీ మీద పన్ను మినహాయింపు 8 ఏళ్లు ఉంటుంది కానీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే.

అసిస్టెంట్‌షిప్ రాకపోతే హైదరాబాద్‌లో చేరండి. అదేమీ తక్కువ చదువు కాదు. తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ సెంటర్, చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ కూడా ఎంపీహెచ్ నడుపుతున్నాయి, వీలైతే వాటికీ దరఖాస్తు చేయండి. మీరు చేరే సంస్థ కేంద్ర ప్రభుత్వ విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉందేమో చూసుకోండి. ఉంటే తాకట్టు, హామీదారు లేకుండానే లోన్ ఇస్తారు. రెండేళ్లు గణాంకాలు, ఆర్ సాఫ్ట్‌వేర్ బాగా పట్టుకుని, ఒకటి రెండు పరిశోధనా పత్రాలు రాయగలిగితే అమెరికాలో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. అక్కడ పీహెచ్‌డీ సీట్లలో చాలావాటికి ఫీజు మాఫీతో పాటు స్టైపెండ్ కూడా ఇస్తారు.